దొరకలేదు అంటే లేదనా?

మా తాతమ్మ రాసింది అచ్చులో పడిందని మా అమ్మమ్మ చెబుతూ ఉండేది. ఏలూరు నుంచి ఆడవాళ్ళ పత్రిక ఒకటి వచ్చేదట. అందులో తాతమ్మ ఏదో రాసిందట. ఉత్తరమో, పద్యమో, వంట గురించో అమ్మమ్మకి తెలీదు. తెలిసిందల్లా ఒక్కటే: అది శోభకృత్ నామ సంవత్సరం. ఆ మాట మాత్రం చాలా గట్టిగా అనేది. మా మామయ్యలు నవ్వేవాళ్ళు. కొల్లేటి లంకలో పిడకలు చేసుకుంటూ బతికిన మనిషికి పత్రికలేమిటే అని. ప్లీడరు గుమాస్తా భార్యగా తాతమ్మ ఏలూరులో పన్నెండేళ్ళు కాపురం చేసిందనీ, భర్త పోయాకే పుట్టింటి లంకకి చేరిందనీ వాళ్ళకి గుర్తుండేది కాదు. ఆవిడ తెచ్చుకున్న ట్రంకుపెట్టె అటక మీద తేమకి చివికిపోయింది. అందులో కాగితాలుండేవని అమ్మమ్మ అనేది. ఆ కాగితాలు పొయ్యిలోకి పోయాయో, శనగలు పొట్లం కట్టడానికి పోయాయో ఎవరికీ తెలీదు.

ఈ సంగతి నేను నలభై ఏళ్ళుగా మోస్తున్నాను. మోస్తున్నాననడం కూడా గొప్ప చెప్పుకోవడమే. 1986లో స్త్రీ శక్తి సంఘటన వాళ్ళు ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినప్పుడు నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన తెలుగు లెక్చరర్ని. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళ దగ్గర కూచుని, వాళ్ళ మాటల్ని టేపుల్లోకి ఎక్కించి, ఆ మాట తీరు పోకుండా అచ్చు వేసిన పుస్తకం అది. మల్లు స్వరాజ్యం, దాయని ప్రియంవద గొంతులు అందులో ఉన్నాయి. ఎంత ఉద్వేగంతో చదివానో చెప్పలేను. తరగతిలో దాని గురించి చెప్పాను, స్నేహితులకి కొని పంచాను. ఆ రోజుల్లో మా అమ్మమ్మ తణుకులో మా ఇంట్లోనే, వసారాలో మడతమంచం మీద కూచుని ఉండేది. మౌఖిక చరిత్ర అంటే ఏమిటో నోట్సు రాసుకుంటున్న నేను, ‘మీ అమ్మ ఏ పేరుతో రాసింది అమ్మమ్మా?’ అని ఒక్కసారీ అడగలేదు. 1989లో ఆవిడ పోయింది.

కిందటేడు వేసవిలో మా చెల్లెలి కూతురు సెలవులకి వచ్చింది. తాడేపల్లిగూడెం నిట్‌లో చదువుకుంది, ఇప్పుడు బెంగుళూరులో ఉద్యోగం. నా గోడు విని, ‘ఒకటి చేద్దాం పెద్దమ్మా’ అని తన లాప్‌టాప్‌లో ఒక పరిశోధన ఏజెంటుని ఎక్కించింది. ఉచితమైనదే కాదు, లోపలి కోడ్ అంతా అందరికీ తెరిచి ఉంచినది. ఈ వ్యాసం ఆ తర్వాత కొన్ని నెలల్లో నేను నేర్చుకున్నదాని గురించి. యంత్రం గురించి ఎంత నేర్చుకున్నానో, మన చరిత్రని ఇంతకుముందు ఎవరెలా వెతికారన్నదాని గురించీ అంతే నేర్చుకున్నాను.

ఏజెంటు అంటే ఏమిటో నాకు అర్థమైనంత చెబుతాను. మామూలు సెర్చ్‌లో మనం ఒక మాట కొడితే పేజీల జాబితా వస్తుంది, చదవడం మన పని. ఇది అలా కాదు. ప్రశ్న ఇస్తే ముందు దాన్ని చిన్న ప్రశ్నలుగా విడగొట్టుకుంటుంది. ఒక్కోదానికీ వెతుకుతుంది, దొరికిన పేజీలు తెరిచి చదువుతుంది, నోట్సు రాసుకుంటుంది, నోట్సులో ఎక్కడ ఖాళీ ఉందో చూసుకుని మళ్ళీ వెతుకుతుంది. చివరికి ఆధారాలు చూపిస్తూ నివేదిక రాస్తుంది. పీహెచ్‌డీ విద్యార్థి మూడేళ్ళలో చేసేది ఇరవై నిమిషాల్లో చేస్తుందని గొప్పలు చెబుతారు. మూడేళ్ళలో విద్యార్థి చేసేది కేవలం ఇదే అనుకునేవాళ్ళకి అది నిజమే.

2023లోనే జీపీటీ రిసర్చర్ అనే తెరిచిన పరికరం వచ్చింది. 2024లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు స్టార్మ్ అనేది చేశారు. అది ఒకే విషయాన్ని రకరకాల దృక్కోణాల వాళ్ళు ప్రశ్నిస్తున్నట్టు ఊహించుకుని వికీపీడియా తరహా వ్యాసం కడుతుంది. పెద్ద కంపెనీల్లో గూగుల్ 2024 డిసెంబర్‌లో, ఓపెన్ఏఐ 2025 ఫిబ్రవరిలో ‘డీప్ రిసర్చ్’ అనే పేరుతోనే తెచ్చాయి. రెండోది మొదట్లో నెలకి 200 డాలర్ల చందా కట్టేవాళ్ళకే. మన కాంట్రాక్టు లెక్చరర్ల జీతాలు తెలిసిన వాళ్ళకి ఆ అంకె గురించి వేరే చెప్పక్కర్లేదు. అది వచ్చిన 24 గంటల్లో హగ్గింగ్ ఫేస్ అనే సంస్థలో కొందరు కూచుని అలాంటిదే తెరిచిన కోడ్‌తో కట్టి చూపించారు. గాయియా అనే పరీక్షలో కంపెనీ పరికరానికి నూటికి 67 వస్తే వీళ్ళ హడావుడి పరికరానికి 55 వచ్చాయి. తర్వాత లాంగ్‌చైన్ వాళ్ళది, చైనాలో బైట్‌డాన్స్ వాళ్ళ డీర్‌ఫ్లో, అలీబాబా వాళ్ళ టోంగ్యి డీప్ రిసర్చ్ వరసగా వచ్చాయి. 2025 జనవరిలో డీప్‌సీక్ తన ఆర్1 నమూనాని ఎవరైనా దించుకునేలా పెట్టడం వీటన్నిటికీ ఊతమిచ్చింది.

మా అమ్మాయి ఎక్కించిన దాని పేరు చెప్పను. దాని తప్పులు చాలా చెప్పబోతున్నాను, అవి దాని ఒక్కదానివే కావు.

నా మొదటి ప్రశ్న ఇది: 1900 తర్వాత తొలి సంవత్సరాల్లో ఏలూరు నుంచి వచ్చిన స్త్రీల పత్రికలో రాసిన రచయిత్రులెవరు? నాకు కొంత తెలిసే అడిగాను. ఆ పత్రిక ‘హిందూసుందరి’. 1902లో సత్తిరాజు సీతారామయ్య ఏలూరులో మొదలుపెట్టారు. మొసలికంటి రమాబాయమ్మ, వెంపలి శాంతాబాయి సంపాదకులుగా ఉన్నారు. తర్వాత పత్రిక కాకినాడ చేరి, మాడభూషి చూడమ్మ, కల్లేపల్లె వెంకటరమణమ్మల చేతుల్లోకి వెళ్ళింది. వీరేశలింగం ‘సతీహితబోధిని’, రాయసం వెంకటశివుడు ‘తెలుగు జనానా’ అంతకుముందే వచ్చినా, సంపాదకుల స్థానంలో ఆడవాళ్ళ పేర్లు కనిపించడం తెలుగులో ఇక్కడి నుంచే ఊపందుకుంది. భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ 1902 నవంబర్‌లో అచ్చయింది ఇందులోనే. గురజాడ ‘దిద్దుబాటు’కి ఏడేళ్ళ పైచిలుకు ముందు. తెలుగులో తొలి కథ ఏది అని మనం ఏళ్ళ తరబడి పడుతున్న తగాదాలో సగం సాహిత్య విమర్శ అయితే, సగం పాత సంచిక ఎవరికి దొరికింది అన్నది.

ఇరవై నిమిషాలకి నివేదిక వచ్చింది. పదిహేను పేజీలు, చక్కటి ఇంగ్లీషు, ఒక్కో వాక్యానికీ ఆధారం. చదువుతుంటే కాళ్ళ కింద నేల కదిలింది.

అచ్చమాంబ 1874లో పుట్టి, ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాసి, 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకి ఎన్నికయ్యారని ఉంది అందులో. భండారు అచ్చమాంబ 1905లోనే పోయారు. లోక్‌సభకి వెళ్ళినావిడ డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ. ఆవిడ తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు గారి కూతురు, అత్త పోయిన మరుసటేడు 1906లో పుట్టిన మేనకోడలు. ఒక ఇంట్లో చనిపోయిన ఆడపడుచు పేరు పుట్టిన బిడ్డకి పెట్టుకోవడం మనకి తెలిసిన సంగతే. యంత్రానికి అత్తా కోడలూ ఒక్కరే అయిపోయారు. ఎనభై మూడేళ్ళ వయసులో ఎన్నికల్లో నిలబెట్టేసింది. నవ్వొచ్చింది, కానీ అదే నివేదిక ఇంకో ఊళ్ళో ఇంకో అమ్మాయి చదివితే నవ్వదు, రాసుకుంటుంది.

శోభకృత్ గురించి అడిగితే ఇంకా తమాషా. నాకు 2023 ఉగాది రాశిఫలాలు తెచ్చి పెట్టింది. మన సంవత్సరాలు అరవయ్యేళ్ళకోసారి తిరిగి వస్తాయి. శోభకృత్ అంటే 1903, 1963, 2023. పాత తెలుగు పుస్తకాల అట్టల మీద ఈ పేర్లు మామూలే. మా అమ్మమ్మకి ఏ శోభకృతో చెప్పాల్సిన పని లేదు, యంత్రానికి ఉంది.

ఇంక ఏలూరు. పరికరం ‘ఏలూరు’ అని నేటి ఇంగ్లీషు స్పెల్లింగుతో వెతికింది. తెల్లదొరల కాగితాల్లో అది ‘ఎల్లోర్’. బెజవాడ, కోకనాడ లాగా. పైగా ఏలూరు అప్పట్లో గోదావరి జిల్లా, 1904లో కృష్ణా జిల్లాలో కలిపారు, 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడితే అందులోకొచ్చింది, 2022లో సొంత జిల్లా అయింది. ఒక్క ఊరు నాలుగు జిల్లాల పేర్ల కింద దాక్కుని ఉంటే, ఊరి పేరుకే ఇంత తిరుగుడు ఉంటే, పెళ్ళితో ఇంటిపేరు మారిపోయే ఆడమనిషిని వెతకడం ఎంత పని! అచ్చమాంబ పేరే ఇంగ్లీషులో నాలుగైదు రకాలుగా రాశారు.

నివేదిక చివరి వాక్యం మాత్రం నన్ను నవ్వనివ్వలేదు. ఏలూరు పరిసరాల సామాన్య గృహిణులు ఈ పత్రికకి రాశారనడానికి ఆధారం లేదు, అని తేల్చేసింది. మా మామయ్యల మాటే, మర్యాదగా, ఇంగ్లీషులో.

‘దానికి తెలుగు రాక కాదు పెద్దమ్మా. నువ్వడిగిన తెలుగు దాకా అది చేరలేదు’ అంది మా అమ్మాయి.

చేరకపోవడానికి కారణాలు ఆ తర్వాత ఒక్కోటీ తెలిశాయి. 2000 తర్వాత డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వాళ్ళు లక్షల పుస్తకాలు స్కాన్ చేశారు. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ వాళ్ళు పాత పత్రికల్ని స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టారు. ఇద్దరికీ చేతులెత్తి దండం పెట్టాలి. కానీ అవి బొమ్మలు. పేజీ ఫొటో ఉంటుంది, అక్షరం ఉండదు. యంత్రం చదవాలంటే బొమ్మలోంచి అక్షరాన్ని విడదియ్యాలి. టెస్సరాక్ట్ అనే తెరిచిన పరికరం 2005 నుంచీ అందరికీ అందుబాటులో ఉంది, తెలుగు కూడా చదువుతుంది. ఇవాళ్టి అచ్చు బాగానే చదువుతుంది. 1902 నాటి అచ్చు పెడితే వలపలగిలక దగ్గర బోల్తా పడుతుంది. అప్పట్లో ‘ధర్మము’లో ర కారాన్ని మ పక్కన తొమ్మిది అంకెలా ఉండే గుర్తుతో వేసేవాళ్ళు. యంత్రం దాన్ని నిజంగానే తొమ్మిది అనుకుని ‘ధమ౯ము’ అని రాస్తుంది. అలా రాసినదాన్ని తర్వాత ఏ ఏజెంటూ వెతికి పట్టుకోలేదు. అరసున్నలు, బండి ఱలు, చెదలు తిన్న అంచులు సరేసరి.

ఇంకో లెక్క మా అమ్మాయి చూపించింది, అది విన్న రాత్రి నిద్ర పట్టలేదు. కంప్యూటర్‌లో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగులో ఒక్కో గుర్తుకి మూడు. ‘స్త్రీ’ అని మనం ఒకే అక్షరంగా రాసేది లోపల ఆరు గుర్తులు, అంటే 18 బైట్లు. ఇంగ్లీషులో ‘ఉమన్’కి అయిదు. నమూనాలు చదివేది నేరుగా బైట్లని కాదు, వాటిని ముక్కలుగా కట్టుకుని. ఆ ముక్కలు ఇంగ్లీషు చూసి కత్తిరించినవి కాబట్టి మన మాట ఎక్కువ తునకలవుతుంది. తెలుగు పేజీ చదవడానికి ఎక్కువ ఖర్చు, ఎక్కువ సేపు, ఎక్కువ తప్పులు. ఎవరూ పగబట్టి చేసింది కాదు. పగ లేకుండా జరిగేవే మనకి ఎక్కువ అలవాటు.

ఇక్కడ ఆగి అచ్చమాంబ గారి గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఏజెంటు పనిని నేను ఆవిడ పనితో పోల్చి చూడకుండా ఉండలేకపోయాను. బడికి వెళ్ళలేదు. చిన్నతనంలోనే పెళ్ళి. భర్త ఉద్యోగం మధ్య పరగణాల్లో. తమ్ముడు చదువుకుంటుంటే పక్కన కూచుని తానూ చదువుకుంది. హిందీ, మరాఠీ, బెంగాలీ, గుజరాతీ పట్టుబడ్డాయి. పిల్లలు పోయారు. ఆ దుఃఖంలో కూచుని చరిత్రలోని స్త్రీల కథలు పోగుచేసింది. మూడు భాగాలు అనుకుంది. చరిత్రలోని భారత స్త్రీలు మొదటిది, వేద పురాణాల స్త్రీలు రెండోది, విదేశీ స్త్రీలు మూడోది. మొదటిది 1901లో అచ్చయింది. మిగతావి పూర్తయ్యేలోపు, ముప్ఫై ఒకటో ఏట, ఆవిడే లేకుండా పోయింది.

ప్రశ్నని ముక్కలు చెయ్యడం, భాష భాషలోనూ వెతకడం, నోట్సు రాసుకోవడం, ఖాళీ ఎక్కడుందో చూసుకోవడం అన్నీ ఆవిడ చేసింది. యంత్రం చెయ్యనిది ఒకటి చేసింది. ఆడవాళ్ళు అబలలనీ, బుద్ధి తక్కువ వాళ్ళనీ, చదువుకుంటే చెడిపోతారనీ అనేవాళ్ళకి జవాబు చెప్పాలని బయల్దేరింది. జవాబు దొరకనప్పుడు ‘ఆధారం లేదు’ అని పుస్తకం మూసెయ్యలేదు, ఇంకో భాష నేర్చుకుంది.

బెంగుళూరు నాగరత్నమ్మ గారిదీ అలాంటి పనే. ముద్దుపళని ‘రాధికాసాంత్వనము’ అచ్చు ప్రతి ఒకటి ఆవిడ చేతికొచ్చింది. తప్పులతడక. అసలు వ్రాతప్రతి సంపాదించి పోల్చి చూస్తే, ఎక్కడెక్కడ పద్యాలు మార్చారో, ఎక్కడ తీసేశారో, కవయిత్రి కులవృత్తి ఎలా మరుగుపరిచారో బయటపడింది. 1910లో వావిళ్ళ వారి చేత పూర్తి పాఠం వేయించింది. వీరేశలింగం గారు అప్పటికే ఆ కావ్యాన్ని బూతు అని తేల్చేశారు. 1911లో ప్రభుత్వం ప్రతులు పట్టుకుంది. నిషేధం తొలగడానికి 1947 దాకా ఆగాల్సి వచ్చింది. సూసీ తారూ, కె. లలిత 1991లో ‘విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా’ మొదటి సంపుటికి ముందుమాట రాస్తూ ఈ కథతోనే మొదలుపెట్టారంటే ఊరికే కాదు.

తెరిచిన పరికరం అంటే నాకు అసలు అర్థం ఇక్కడ తట్టింది. మూసిన పరికరం నాగరత్నమ్మ చేతికొచ్చిన ఆ మొదటి అచ్చు ప్రతి లాంటిది. కత్తెర పడిందో లేదో, పడితే ఎవరు వేశారో మనకి కనిపించదు. తెరిచినదాంట్లో వ్రాతప్రతి తీసి పోల్చి చూసుకోవచ్చు.

మా అమ్మాయి నాకు ఆ వ్రాతప్రతి చూపించింది. నేను భయపడినట్టు అదంతా అంకెలూ బ్రాకెట్లూ కాదు. చాలా మటుకు మామూలు ఇంగ్లీషు వాక్యాలు. నువ్వొక నిపుణుడైన పరిశోధకుడివి, ఇలా వెతుకు, ఇన్నిసార్లు వెతికాక ఆపెయ్, నివేదిక నిస్సందేహమైన గొంతుతో రాయి, ఇలా. నిపుణుడట, పుంలింగంలో ఊహించుకున్నది నేనే అనుకోండి, ఇంగ్లీషులో ఆ పేచీ లేదు. కానీ ‘నిస్సందేహమైన గొంతు’ దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. ముప్ఫై ఏళ్ళు ఎంఫిల్ విద్యార్థుల సిద్ధాంత వ్యాసాల్లో ఎర్ర సిరాతో కొట్టేసిన గొంతు అదే. ‘దీన్ని కొట్టెయ్యొచ్చా?’ అని అడిగాను. ‘నీ ఇష్టం పెద్దమ్మా, నీ లాప్‌టాప్‌లో కాపీ నీదే’ అంది.

రెండు రోజులు కూచుని ఆ వాక్యాలు తిరగరాశాను. ఏదీ దొరకనప్పుడు ఆధారం లేదు అని రాయకూడదు. ఎక్కడెక్కడ వెతికావో, ఏ భాషలో, ఏ స్పెల్లింగుతో వెతికావో, ఉందని తెలిసీ తెరవలేకపోయినవి ఏవో చెప్పాలి. ఒకే పేరుగల ఇద్దరు మనుషులు ఎదురైతే పుట్టిన, పోయిన సంవత్సరాలు సరిచూడాలి. ఊరి పాత పేర్లన్నిటితో వెతకాలి. ఇంగ్లీషు పేజీలో ఉన్నంత మాత్రాన తెలుగు పేజీ కంటే నమ్మదగినది అనుకోకూడదు. అరవై సంవత్సరాల పట్టిక మా అమ్మాయి విడిగా రాసి తగిలించింది. కంపెనీ పరికరంలో ప్రశ్న ఎంత బాగా అడగాలో నేర్చుకోవచ్చు, కానీ లోపలి వాక్యాల్ని కొట్టెయ్యడం మన చేతిలో లేదు.

రెండో నివేదిక ఏడు పేజీలే వచ్చింది. అందంగా లేదు. కానీ అచ్చమాంబలు ఇద్దరయ్యారు. చివర ఒక పట్టిక ఉంది: తాను తెరవగలిగిన సంచికలు, బొమ్మ ఉన్నా అక్షరాలు చదవలేకపోయినవి, అసలు కంటపడనివి. శోభకృత్ నెలలు చాలావాటికి ఎదురుగా ‘చూడలేదు’ అని ఉంది. మా తాతమ్మ లేదని అనలేదు. చూడలేదంది. ఆ రెండు మాటల మధ్య ఉన్న తేడా కోసమే నేను ఇంత పని చేశాననిపించింది.

ఇదంతా చెప్పి తెరిచిన పరికరాలకి హారతి పడితే అన్యాయం. చాలా నమూనాల్లో తెరిచింది సగమే. లెక్కలు దించుకోమంటారు, ఏ పుస్తకాలు, ఎవరి రాతలు మేపి పెంచారో చెప్పరు. డీప్‌సీక్ కూడా అంతే. 2024 అక్టోబర్‌లో ఓపెన్ సోర్స్ ఇనీషియేటివ్ వాళ్ళు తెరిచిన కృత్రిమ మేధ అంటే ఏమిటో నిర్వచించినప్పుడు కూడా శిక్షణ సామగ్రి మొత్తం బయటపెట్టాలని పట్టుబట్టలేదు, వివరంగా చెబితే చాలన్నారు. చాలామంది అలిగారు, అలగడం సబబే. వంట ఎలా చేశానో చెబుతాను, ఎవరి పెరట్లో కోసుకొచ్చానో అడక్కు అన్నట్టుంది.

తెరవడం ఎప్పుడూ మంచిదేనా అన్న ప్రశ్న కూడా నన్ను వదల్లేదు. 2006లో కొల్లేటిలో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టిన మరుసటేడు, లంక గ్రామాల్లో ఆడవాళ్ళతో మాట్లాడి కొన్ని టేపులు చేశాను. కొల్లేరు 1999లో అభయారణ్యం అయింది, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది. ఈ ఏజెంటుని కొల్లేటి ఆడవాళ్ళ గురించి అడిగితే ఆటపాక పెలికాన్ పక్షుల గురించి నాలుగు పేజీలు ఇచ్చింది. పక్షులకి ఉన్నపాటి సాహిత్యం ఆడవాళ్ళకి లేదు మరి. నా టేపుల్లో ఉంది. అప్పుల గురించి, సొసైటీల్లో వాటా ఎవరి పేరున ఉండేదో దాని గురించి, ఇంట్లో తగిలిన దెబ్బల గురించి వాళ్ళు చెప్పారు. ఎవరికీ ఇవ్వనని మాటిచ్చి రికార్డు చేసుకున్నాను.

‘ఇవి దానికి పెడితే?’ అంది మా అమ్మాయి. కంపెనీ పరికరమైతే ఆ గొంతులు ఏ దేశంలో ఏ యంత్రానికి చేరతాయో తెలీదు. తెరిచినదాన్ని మన ఇంట్లోనే, ఇంటర్నెట్ తీగ పీకేసి నడపొచ్చు. గొంతు గడప దాటదు. నాకు ఇది అన్నిటికంటే పెద్ద సంగతి అనిపించింది. కానీ ఇంట్లో లాప్‌టాప్ మోయగలిగేది చిన్న నమూనానే. చిన్న నమూనాకి మా కొల్లేటి యాస అంతంతమాత్రం. ‘గట్టు తెగింది’ అని ఒకావిడ అంటే ‘గుట్టు తెగింది’ అని రాసింది. ఆ ఒక్కటీ దిద్దబుద్ధి కాలేదు నాకు, తర్వాత దిద్దాననుకోండి. మద్రాసు ఐఐటీలో ఏఐ4భారత్ వాళ్ళు మన భాషల కోసం తెరిచిన నమూనాలు చేస్తున్నారు, హైదరాబాదులో స్వేచ్ఛ వాళ్ళు ఎన్నో ఏళ్ళుగా తెలుగు కంప్యూటర్ కోసం పని చేస్తున్నారు. వాళ్ళ దాకా మన కొల్లేటి ఆడవాళ్ళ మాట వెళ్ళాలంటే వాళ్ళ అనుమతి మళ్ళీ అడగాలి. అప్పట్లో మాట్లాడినవాళ్ళలో కొందరు ఇప్పుడు లేరు. వాళ్ళ కూతుళ్ళని అడగొచ్చా? ఇంకా తేల్చుకోలేదు.

పట్టికలో ‘చూడలేదు’ అన్న నెలల్ని పట్టుకుని ఏలూరు వెళ్ళాను. గూడెం మీదుగా బస్సు. ఒక పాత గ్రంథాలయంలో బీరువా తాళం తీసిన పెద్దాయన, ‘ఆయ్, ఉండేవండి. చెద పట్టేసిందని కట్టలు కట్టి పక్క గదిలో పడేశారండి, ఆ గది కప్పు కూలిపోయిందండి’ అన్నాడు. ఆడవాళ్ళ పత్రికలేనా అంటే, ‘అవే ముందు కట్టారండి’ అన్నాడు. ఆయన తప్పేం లేదు. 2000 ఆగస్టు వరదల్లో హైదరాబాదులో సుందరయ్య విజ్ఞాన కేంద్రం పుస్తకాలే నీట మునిగాయి. కాగితానికి నీళ్ళూ చెదా ఎప్పుడూ ఉన్నవే. ముందు ఏ కట్ట బయటికి మోస్తారు, ఏ కట్ట వెనక పడేస్తారన్నదే మనుషుల చేతిలో పని.

ఇంటికొచ్చాక, తెరుచుకున్న సంచికల్లో యంత్రం చదవలేకపోయిన పేజీల్ని నేనే టైపు చెయ్యడం మొదలుపెట్టాను. రోజుకి రెండు పేజీలు. వలపలగిలక ఎక్కడుందో నా కళ్ళకి తెలుస్తుంది. మా అమ్మాయి ఆ పేజీల్ని బెంగుళూరు నుంచే యంత్రానికి పాఠంగా పెడుతోంది. పూర్తయినవి అందరికీ తెరిచి పెడుతున్నాం, వాటి మీద ఎవరికైనా హక్కుంది. నాకు తెలిసిన ముగ్గురు స్నేహితురాళ్ళు, భీమవరంలో ఒకరు, కాకినాడలో ఇద్దరు, తలా కొన్ని పేజీలు పట్టుకున్నారు. కాకినాడ ఆవిడ పులుగుర్త లక్ష్మీనరసమాంబ గారి ‘సావిత్రి’ పత్రిక కూడా మొదలుపెడదామంటోంది.

నిన్న రాత్రి టైపు చేస్తుంటే ఒక పేజీ చివర సంతకం దగ్గర అంచు విరిగిపోయి ఉంది. ఊరి పేరు లేదు, మనిషి పేరు లేదు. ఏమని టైపు చెయ్యాలో తోచలేదు. ఖాళీ వదిలితే యంత్రం ఖాళీ అనుకుంటుంది. ‘ఇక్కడ ఒక పేరుంది, కాగితం చిరిగింది’ అని రాశాను.

మా పెద్ద మామయ్య కొడుకు దగ్గర అమ్మమ్మ పాత పెట్టె మూత ఒకటి ఇంకా ఉందట, లోపల కాగితం అంటించి ఉందని ఫోన్ చేశాడు. ఆదివారం కైకలూరు వెళ్తున్నాను.